ఆషాఢం డిస్కౌంటు
అమెరికా ఆర్ట్ స్కూలు నుంచి ‘యాభై శాతం స్కాలర్‌షిప్’ అని ఉత్తరం రాగానే ఇంట్లో స్వీట్లు పంచేస్తారు. మిగతా యాభై శాతం రూపాయల్లో ఎంతో లెక్కేసేవాళ్లు తక్కువ. నన్నడిగితే అది స్కాలర్‌షిప్ కాదు, ఆషాఢం డిస్కౌంటు. కంప్యూటర్ సైన్సు కుర్రాడు అప్పు చేశాడంటే అర్థముంది, చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే 12 నెలల ఓపీటీకి తోడు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ) కోర్సులకిచ్చే పొడిగింపు కింద మరో 24 నెలలు దొరకొచ్చు. పెయింటింగులో ఎంఎఫ్ఏ చేసిన పిల్లకు ఆ 12 నెలలే గతి. క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయనివ్వరు. ఆ డబ్బులు బియ్యానికీ రంగులకీ సరిపోతే గొప్పే. నెలనెలా ఈఎంఐ కట్టాల్సినవాడు చివరికి లోగోలే వేస్తాడు. తప్పని కాదు, దానికి నాన్న పొలం తాకట్టు పెట్టడం ఎందుకని. అందుకే స్కూలు పేరు తర్వాత చూద్దురుగానీ, ముందు ఒక్కటి అడగండి: మొదటి ఏడాది పిల్లలకు డ్రాయింగ్ చెప్పే పని మాకిస్తారా, ఇస్తే ట్యూషన్ ఫీజు మాఫీ చేస్తారా? మనం పేరు కూడా వినని ఊళ్లలోని స్టేట్ యూనివర్సిటీల్లో ఇలాంటి అవకాశాలున్నాయి. అదీ కాదంటే జర్మనీ. అక్కడి ప్రభుత్వ ఆర్ట్ అకాడమీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజే లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం మనలాంటి వాళ్ల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేస్తుంది. జర్మన్ రావాలి కదా అంటారా, హైదరాబాద్‌లోనే గోథే-జెంట్రుమ్ ఉంది, వెళ్లి చేరండి.