అంకె కంటె ముందు కోణము

నక్షత్రముల దూరములను మన విద్యార్థులు వల్లింతురు. కొలిచిన విధమును ఎరుగరు. కార్వేటినగరపు పుష్కరిణి గట్టున రెండు తావుల నుండి ఆవలి గట్టు చెట్టును చూచి, ఆ తావుల నడుమ దూరమును, చూపు కోణములను కొలిచినచో, నీట దిగకయే వెడల్పు తెలియును. ఆరునెలల యెడముతో భూమి నిలుచు రెండు తావుల నుండి చూచి, బెస్సెల్ 1838లో హంసమండలపు 61వ చుక్క దూరమును ఇట్లే కనుగొనెను. అది సుమారు 10 కాంతిసంవత్సరములని తేల్చెను.

దూరము మిక్కుటమైనచో కోణము కొలతకందదు. తండ్రి పనిచేసిన నిజామియా వేధశాల గల హైదరాబాదున పెరిగిన వైను బప్పు, 1957లో విల్సన్‌తో కూడి, చల్లని చుక్కల కాల్షియం వెలుగురేఖ వెడల్పును బట్టి వాని నిజకాంతిని, దాని వలన దూరమును తెలియు మార్గము చూపెను. దీనిని సరిచూచుటకును దగ్గరి చుక్కల కోణములే ఆధారము.

కావున ఉపాధ్యాయులు పిల్లలను ముందు గట్టుమీదికి తీసికొనిపోవలెను. అంకెను పిమ్మట చెప్పవచ్చును.