పెళ్లి చేసి చూడు... క్లచ్ నొక్కి చూడు!

ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున్నే రెండు రకాల జనం కనిపిస్తారు. ఆరోగ్యం కోసం నడిచేవాళ్లు, లైసెన్సు కోసం నడిపేవాళ్లు. మొదటివాళ్లు చేతులూపుకుంటూ సాగిపోతుంటారు. రెండోవాళ్ల కారు మాత్రం కప్పలా నాలుగు గెంతులు గెంతి, ‘టక్’మని ఆగిపోతుంది. పక్కన కూర్చున్న బావమరిది ‘క్లచ్... క్లచ్!’ అని అరుస్తాడు. వెనక ఆటోవాడు హారన్ కొడతాడు. అప్పుడే నడిపేవాడి మనసులో ఓ నిర్ణయం జరిగిపోతుంది. మొదటి కారు కొత్తది కొనకూడదు!

మంచి నిర్ణయమే. గీత పడినా గుండె జారదు. నెలనెలా వాయిదాల బెడదా ఉండదు. పైగా క్లచ్, గేర్లతో నేర్చుకున్న చేతికి ఏ బండైనా లొంగుతుంది. ఇక ఇలాంటి కారు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, క్యాంపస్ దాటి తార్నాక వీధుల్లోకి అడుగుపెడితే చాలు. ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ, సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ... ఇన్ని పరిశోధన సంస్థలు చుట్టూ ఉన్న పేట ఇది. రిటైరైన సైంటిస్టులు, ప్రొఫెసర్లు, రైల్వే ఉద్యోగులు ఇక్కడే ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. పిల్లలేమో అమెరికాలో, కారేమో కవర్ కింద! ఆ కవర్ ఎత్తి చూస్తే ఎక్కువసార్లు కనబడేది మారుతీ 800, కాకపోతే జెన్, శాంత్రో, వ్యాగన్ ఆర్.

మారుతీ 800 జాతకం కాస్త చెప్పుకోవాలి. 1983 డిసెంబరు 14న ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్‌కు ప్రధాని ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందించారు. 2010లో కన్నుమూసేదాకా ఆయన ఆ కారును వదల్లేదు. 796 సీసీ ఇంజన్, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. మధ్యలో ఐదు గేర్ల రకం కూడా అమ్మారు. 2010 ఏప్రిల్లో బీఎస్-4 నిబంధనలు రావడంతో హైదరాబాద్ సహా 13 నగరాల్లో దీని అమ్మకం ఆగిపోయింది. 2014 జనవరిలో తయారీయే నిలిచిపోయింది. అంటే హైదరాబాద్‌లో కొత్తగా కొని రిజిస్టర్ చేయించిన ఏ మారుతీ 800 అయినా ఇప్పటికి 15 ఏళ్లు నిండినట్టే లెక్క. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. దాని గురించి తర్వాత. ముందు బండి చూద్దాం.

పాత కారు చూడ్డానికి ముహూర్తం పొద్దున్నే. అమ్మే ఆయనకు ముందే ఫోన్‌లో చెప్పాలి, ‘సార్, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి’ అని. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే నిజం చెబుతుంది. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా తగిలిందంటే ఎవరో ముందే బుజ్జగించి పెట్టారన్నమాట! కొనేవాడికి తోడుగా నమ్మకమైన మెకానిక్ ఉంటే సగం గెలిచినట్టే. వాళ్ల మాటలు దాదాపు ఇలా సాగుతాయి.

‘‘అన్నా, పెయింట్ మంచిగున్నది, సీట్లు మంచిగున్నయి. తీసుకుందమా?’’

‘‘పెయింట్ సంగతి తర్వాత తమ్మీ. ముందుగాల క్లచ్ చూడనీ.’’

మెకానిక్ చేసే పరీక్ష చూడ్డానికి తమాషాగా ఉంటుంది. బండి ముందు ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరులో పెట్టి క్లచ్ మెల్లగా వదులుతాడు. ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగిపోతే సంతోషించాలి! ఆగకుండా గుర్రుమంటూనే ఉందంటే క్లచ్ ప్లేట్ అరిగి జారుతోందని అర్థం. ఈ పరీక్ష ఒక్కసారే చేయాలి. పదిసార్లు చేస్తే బాగున్న క్లచ్ కూడా పోతుంది, అమ్మే పెద్దాయన మొహం కూడా మాడుతుంది. రెండో పరీక్షకు తార్నాక ఫ్లైఓవరో, అడిక్‌మెట్ ఫ్లైఓవరో సరిపోతుంది. ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ నొక్కితే చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే జబ్బు క్లచ్‌దే. కాలిన వాసన వస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

చెవులకూ పని చెప్పాలి. బండి న్యూట్రల్‌లో ఉన్నప్పుడు సన్నని రొద వినిపించి, క్లచ్ నొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగ్ అరిగినట్టు. అలాకాక నొక్కినప్పుడే రొద మొదలైతే తప్పు రిలీజ్ బేరింగ్‌ది. రెండోది చిన్న వస్తువే. కానీ దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ మొత్తం కిందికి దించాలి. అందుకే తెలిసినవాళ్లు క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్పించేస్తారు. కూలీ ఒక్కసారే కదా. ఆ ఖర్చెంతో మెకానిక్‌ను అడిగి, బేరంలో అంతా తగ్గించమనడం న్యాయం.

గేర్లలో ముందుగా అలిగేది సాధారణంగా రెండోది. మూడులోంచి రెండుకు దించినప్పుడు ‘కర్‌ర్’ మని పళ్లు కొరికిందంటే సింక్రో రింగులు అరిగాయి. ట్రాఫిక్‌లో ఎక్కువ వాడేది రెండో గేరే కాబట్టి నగరంలో తిరిగిన బండికి ఇది వృత్తిరోగం లాంటిది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే గేరు దానంతటది న్యూట్రల్‌లోకి ఎగిరి వచ్చేస్తే ఆ బండికి దండం పెట్టి వచ్చేయడం మేలు. రివర్స్ విషయంలో మాత్రం కాస్త దయ చూపాలి. పాత కార్లలో చాలావాటికి రివర్స్‌కు సింక్రో ఉండదు. కారు పూర్తిగా ఆగాక, క్లచ్ నొక్కి రెండు క్షణాలు ఆగి వేయాలి. అప్పటికీ అరిస్తే క్లచ్ కేబుల్ చూపించాలి.

మిగతావి త్వరత్వరగా. పొగ నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలితే ‘టకటక’మంటే యాక్సిల్ జాయింట్ అరిగింది. మీటర్లో నలభై వేల కిలోమీటర్లుండి, పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయి ఉంటే రెండింట్లో ఒకటి అబద్ధం చెబుతున్నట్టు. రబ్బరుకైతే అబద్ధం చెప్పే తెలివి లేదు! టైరు పక్కన అంకెల్లో చివరి నాలుగు చూడాలి. ‘2319’ అంటే 2019లో 23వ వారం తయారైందని. ఏళ్లతరబడి నిలబడిన కారు టైర్లు అరగకపోయినా పగిలి ఉంటాయి. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు ఇప్పుడు బంకుల్లో మామూలైంది. దీన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన బండ్లు కావు ఇవి. కాబట్టి పెట్రోలు పైపులు, రబ్బరు వాషర్లు తప్పకుండా చూపించాలి.

కాళ్ల కింది మ్యాట్లు ఎత్తి చూడ్డం ఎవరూ మర్చిపోకూడదు. 2020 అక్టోబరు వానలకు హబ్సిగూడ, రామంతాపూర్ వీధులు నీట మునిగిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ గుర్తే. నీళ్లలో నానిన కార్లు తర్వాత ఎండాయి, కడిగారు, పాలిష్ పెట్టారు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగితే ఆ చివర్లో బురద చారలు దొరికే అవకాశం ఉంది. అంత లోపలిదాకా కడిగే ఓపిక ఎవరికుంటుంది?

ఇక చిక్కు సంగతి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది. ఆ తర్వాత బండి చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 600 రూపాయలుండే ఈ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5 వేలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. గ్రీన్ ట్యాక్స్ అదనం. ‘కారు ముప్పై వేలకే’ అన్నమాట విని మురిసిపోయేముందు ఆర్‌సీ గడువెప్పటిదాకా ఉందో చూడాలి. గడువు దాటిన బండయితే ‘ముందు మీరు పొడిగించి ఇవ్వండి సార్’ అనడంలో మొహమాటం అనవసరం. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్లపైనా, పదేళ్లు దాటిన డీజిల్ కార్లపైనా ఆంక్షలు వచ్చాక అక్కడి బండ్లు చవగ్గా ఇటు వస్తుంటాయి. వాటికి అక్కడి ఎన్ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. చవక కాస్తా అక్కడే కరిగిపోతుంది.

ప్రమాదం కొనేవాడికే కాదు, అమ్మేవాళ్లకూ ఉంది. తార్నాకలోని పెద్దాయన మంచి మనసుతో, ‘బాబూ, ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టేశాను, తీరిగ్గా నీ పేరుకు మార్చుకో’ అంటారు. కుర్రాడు తీరిగ్గానే ఉంటాడు. ఏడాదికి ఇంకొకరికి అమ్మేస్తాడు. వాళ్లూ మార్చుకోరు. ఇలా చేతులు మారిన ఓ కారు కథ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007లో అమ్మేసిన కారు, పలువురి చేతుల్లోకి వెళ్లి, 2009లో ప్రమాదం చేసింది. ఓ ప్రాణం పోయింది. పరిహారం ఎవరివ్వాలి? అప్పుడు కారెవరి దగ్గరుందన్నది కాదు, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందన్నదే లెక్క అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే రెండేళ్ల కిందటే బండి అమ్మేసి, మర్చిపోయిన మనిషి నెత్తిన పడింది. పింఛను మీద బతికే పెద్దాయనకు అలాంటి నోటీసు వస్తే? అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని చట్టంలోనే ఉంది. పేరు మారేదాకా కొంత సొమ్ము ఆపి ఉంచుకోవడం, అలా ఉంచుకున్నట్టు కాగితం రాసుకోవడం ఇద్దరికీ మంచిది. డెలివరీ తీసుకున్న తేదీతోపాటు సమయం కూడా రాయించుకోవాలి. ఆ సాయంత్రమే సిగ్నల్ జంప్ చేస్తే చలానా ఎవరిదన్న పేచీ ఉండదు.

చలానాలంటే గుర్తొచ్చింది. బండి నంబరు కొడితే బాకీలన్నీ పోలీసుల వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. తెలంగాణలో 2022లోనూ, 2023 చివర్లోనూ రాయితీలిచ్చి కట్టించుకున్నా కట్టనివాళ్లు చాలామందే మిగిలారు. అడ్వాన్సు ఇచ్చేముందే ఓసారి చూసుకోవాలి. బ్యాంకు అప్పు తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోయే బండ్లూ ఉంటాయి. దాన్ని తీయించడానికి ఫారం 35, బ్యాంకు ఇచ్చే పత్రం కావాలి. ఇన్సూరెన్స్‌ను కూడా 14 రోజుల్లోపే కొన్నవారి పేరుకు మార్పించుకోవాలి. లేదంటే బండికి దెబ్బ తగిలినప్పుడు కంపెనీ చేతులెత్తేస్తుంది. నో క్లెయిమ్ బోనస్ మాత్రం అమ్మినాయనతోనే వెళ్లిపోతుంది. అది కారుది కాదు, మనిషిది.

కారు ఇంటికొచ్చాక మొదటి పని దండ వేయడం, నిమ్మకాయలు తొక్కించడం. రెండో పని ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, కూలెంట్ మార్పించడం. ‘మొన్ననే మార్పించాం’ అని ఎవరెంత చెప్పినా సరే! మూడోది, ఫ్లైఓవర్ ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా కదిలించడం. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచి, క్లచ్ సగం వదిలాక బండి ముందుకు పోదామని ముక్కు పైకెత్తుతుంది చూశారూ, సరిగ్గా అప్పుడే బ్రేకు వదలాలి. నాగోలు టెస్ట్ ట్రాక్ మీద చాలామంది చతికిలబడేది ఇక్కడే. దీన్ని మాత్రం ట్రాఫిక్‌లో కాకుండా ఆదివారం పొద్దున, వెనక ఎవరూ లేనప్పుడు సాధన చేయండి. బావమరిదిని ఇంట్లోనే ఉంచి, లైసెన్సున్న, అరవని మనిషినెవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి.