జెర్సీ సిటీ జిప్ కోడ్ 3778 ఎలా అయింది?

హెచ్-4 ఈఏడీ చేతికొచ్చాక, నాలుగైదేళ్ళ విరామం తరవాత మళ్ళీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. అలా కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారాల్లోనే అప్పజెప్పే పని ఒకటుంటుంది. “ఈ యామల్ ఫైళ్ళని జేసన్‌లోకి మార్చేయండి, గంట పని.” గంటలో అయిపోతుంది, నిజమే. ఆ గంటలో ఏం రాలిపోయిందో మాత్రం ఎప్పుడో ఒక అర్ధరాత్రి బయటపడుతుంది. అప్పుడు అందరూ చూసేది ఆ మార్పు పక్కన ఎవరి పేరుందా అనే. కొత్త మనిషికి అది చిన్న విషయం కాదు.

ఈ రంగంలో లేనివాళ్ళ కోసం ఒక్కమాట. ప్రోగ్రాము ఏ డేటాబేసుతో మాట్లాడాలి, జవాబు కోసం ఎన్ని సెకన్లు ఆగాలి, ఏయే ఊళ్ళకి డెలివరీ ఇవ్వాలి లాంటివి కోడులో కలపకుండా విడిగా రాసుకుంటారు. అదే కాన్ఫిగరేషన్ ఫైలు. దాన్ని రాసే పద్ధతులు చాలా ఉన్నాయి. యామల్, జేసన్, టామల్ ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి.

న్యూజెర్సీలో డెలివరీ ఇచ్చే ఒక కిరాణా యాప్ ఉందనుకోండి. దాని యామల్ ఫైలులో రెండు జిప్ కోడ్లు కొటేషన్ గుర్తులు లేకుండా రాశారు: ఎడిసన్‌కి 08820, జెర్సీ సిటీకి 07302. పైథాన్‌లో అందరూ వాడే పైయామల్ లైబ్రరీ దీన్ని చదివితే ఎడిసన్ కోడు అలాగే ఉంటుంది. జెర్సీ సిటీ కోడు 3778 అయిపోతుంది! ఆ లైబ్రరీ పాటించే యామల్ 1.1 నియమాల్లో, సున్నాతో మొదలై 0 నుంచి 7 లోపు అంకెలే ఉన్నది అష్టాంశ సంఖ్య, అంటే ఎనిమిది ఆధారంగా లెక్కపెట్టేది. ఎడిసన్ కోడులో 8 ఉంది కాబట్టి అది సంఖ్య కాదనుకుని అక్షరాలుగా వదిలేస్తుంది. టెస్టులో ఎడిసన్ ఒక్కటే వేసి చూసినవాళ్ళకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

నార్వే కథ ఇంకా ప్రసిద్ధం. దేశాల జాబితాలో నార్వే కోడు ‘ఎన్ఓ’. ఇంగ్లీషులో అది ‘నో’. పాత నియమాల్లో ‘నో’ అంటే అబద్ధం. జాబితాలో దేశం పోయి ‘ఫాల్స్’ వచ్చి కూర్చుంటుంది. 2009లో వచ్చిన యామల్ 1.2 ఈ అర్థాలను తీసేసింది. కానీ పైయామల్ ఇప్పటికీ పాత నియమాలతోనే చదువుతుంది. కొత్త నియమాలతో చదివే లైబ్రరీ అదే 07302ని 7302 అంటుంది. ఫైలు ఒకటే, జవాబులు రెండు, రెండూ తప్పే.

మార్పిడిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. యామల్‌లో ఉన్నంతకాలం కంటికి 07302 అనే కనిపిస్తుంది, సరిచేసుకోవచ్చు. పైయామల్‌తో చదివి జేసన్‌గా రాశాక అక్కడ మిగిలేది 3778. అది ఒకప్పుడు జిప్ కోడని ఊహించే దారి కూడా ఉండదు. కాబట్టి మార్చేముందే పాత ఫైలులో జిప్ కోడ్లు, వెర్షన్ నంబర్లు, దేశం కోడ్లు, టైములు వెతికి కొటేషన్లలో పెట్టండి. వెర్షన్ 3.10 కూడా కొటేషన్లు లేకపోతే 3.1 అయిపోతుంది.

రెండో నష్టం కామెంట్లు. నా దృష్టిలో ఇదే పెద్దది. “30 సెకన్ల కంటే తగ్గించకండి, నెలాఖరులో బ్యాంకు సర్వర్ ఆలస్యం చేస్తుంది” అని ఎవరో పాత ఫైలులో రాసి ఉంటారు. అమ్మ ఊరగాయ కొలతల పుస్తకంలో “మెంతిపిండి తగ్గించాలి, కిందటేడు చేదయింది” అన్న మాటలాంటిదది. జేసన్‌లో కామెంట్లకి చోటే లేదు. కామెంట్లలో జనం పార్సర్లకి ఆదేశాలు దూర్చడం చూసి వాటిని తీసేశానని దాని కర్త డగ్లస్ క్రాక్‌ఫర్డ్ చెప్పాడు. ఆయన కారణం ఆయనది. మన ఫైలులో మాత్రం 30 మిగిలి, ఎందుకన్నది పోతుంది. ఆరు నెలల తరవాత ఇంకెవరో చూసి, ఇంతసేపు ఎందుకని 10 చేస్తారు. నెలాఖరుకి చెల్లింపులు ఆగుతాయి.

అందుకే మనుషులు చేత్తో దిద్దే చిన్న ఫైలుకి నా ఓటు టామల్‌కి. గిట్‌హబ్ స్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ 2013లో మొదలుపెట్టాడు. కామెంట్లు ఉంచుకోవచ్చు. కొటేషన్లు లేకుండా 07302 రాస్తే తప్పని చెప్పి అక్కడే ఆపేస్తుంది, మౌనంగా మింగేయదు. పైథాన్ 3.11 నుంచి దాన్ని చదివే మాడ్యూలు భాషతోనే వస్తోంది. అయితే లోపల్లోపలికి గూళ్ళు ఎక్కువైతే టామల్ చదవడం విసుగే, పైగా ‘ఏమీ లేదు’ అని చెప్పే నల్ విలువ అందులో లేదు. ప్రోగ్రాములు రాసి ప్రోగ్రాములే చదివే ఫైలైతే జేసన్ చాలు. కుబర్నెటీస్, యాన్సిబుల్ లాంటివాటికి యామల్ రాయక తప్పదు, అక్కడ కొటేషన్లు పెట్టడం అలవాటు చేసుకోండి. మేవెన్ వాడే ఎక్స్ఎంఎల్ ఫైలు జోలికి ఊరికే వెళ్ళకండి.

ఇంకోటి, ఫైలుని అతికిస్తే క్షణంలో మార్చిచ్చే ఉచిత వెబ్‌సైట్లు కనిపిస్తాయి. మీ ఫైలులో డేటాబేసు పాస్‌వర్డో, ఏపీఐ కీయో ఉందంటే దాన్ని ముక్కూమొహం తెలియనివాళ్ళ సర్వరుకి పంపినట్టే కావచ్చు. చాలా కంపెనీల్లో దానికి ఉద్యోగమే పోవచ్చు. వైక్యూ అనే ఉచిత సాధనం మీ ల్యాప్‌టాప్‌లోనే ఈ పని చేస్తుంది, లేదా పైథాన్‌లో పది వరసలు చాలు. మార్చాక పాత ఫైలునీ కొత్త ఫైలునీ మీ యాప్ వాడే లైబ్రరీలతోనే చదివించి, రెండింటి విలువలూ పక్కపక్కన అచ్చు వేసి చూడండి. కామెంట్లు ఎన్ని పోయాయో కూడా లెక్కపెట్టి, ఆ సంఖ్య మీ పుల్ రిక్వెస్టులో రాయండి.