గబ్బిలాల చెట్టు కొట్టేస్తే నిపా ఆగుతుందా?

కేరళలో నిపా వచ్చిందన్న వార్త టీవీలో కనిపించిన నాలుగు రోజులకే మన ఊళ్లలోనూ ఒక చర్చ మొదలవుతుంది. ఊరి చివర మర్రిచెట్టుకో, చెరువుగట్టు మీది చింతచెట్టుకో వేలాడే గబ్బిలాలను టపాసులు కాల్చి తరిమేద్దామని కొందరంటారు, అసలు చెట్టే కొట్టేద్దామని మరికొందరంటారు. మామిడి, జామ, సపోటా రైతులకు గబ్బిలాలంటే ముందే కోపం కాబట్టి అడ్డు చెప్పేవారూ తక్కువే. 2018లో కోజికోడ్, మలప్పురం జిల్లాల్లో 17 మంది చనిపోయాక కేరళలో 2019, 2021, 2023, 2024, 2025లలో మళ్లీ కేసులు వచ్చాయి. భయం సహజమే. అయితే 2018లో జబ్బు పడినవారిలో దాదాపు అందరికీ అది గబ్బిలం నుంచి కాదు, రోగుల నుంచి, ఎక్కువగా ఆసుపత్రుల్లో సోకింది. ఇక చెట్టు కొట్టేస్తే ఏమవుతుందన్నది తెలియాలంటే నిపా మొదట బయటపడిన మలేసియా సంగతి చూడాలి. అక్కడ నష్టపోయిందీ రైతులే.

1998 చివర్లో ఇపో పట్టణం దగ్గరి ఫారాల్లో పందులు దగ్గు, ఆయాసంతో జబ్బు పడ్డాయి. వాటిని మేపే మనుషులకు మెదడువాపు వచ్చింది. మొదట దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపు అనుకుని దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. ఫలితం లేదు. 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయంలో డాక్టర్ చువా కా బింగ్ ఇది వేరే వైరస్ అని గుర్తించారు. సుంగై నిపా అనే ఊరి రోగి నుంచి దొరికింది కాబట్టి ఆ ఊరి పేరే జబ్బుకు వచ్చింది. అప్పటికే జబ్బు పందుల లారీలతో పాటు వేరే రాష్ట్రాలకు పాకింది. 265 మందికి సోకితే 105 మంది చనిపోయారు. పది లక్షలకు పైగా పందులను చంపాల్సి వచ్చింది.

గబ్బిలం నుంచి పందికి ఎలా చేరింది? ఫారం వాళ్లు అదనపు ఆదాయం కోసం పందుల షెడ్లను ఆనుకునే మామిడి, ఇతర పండ్ల చెట్లు వేశారు. రాత్రిళ్లు గబ్బిలాలు సగం తిని వదిలిన కాయలు షెడ్లలో పడ్డాయి, పందులు తిన్నాయి. వేల పందులు ఒకేచోట ఉండటంతో జబ్బు ఒకదాని నుంచి మరొకదానికి అంటుతూ పోయింది. మన దగ్గర మామిడితోటలో గొర్రెలు, మేకలు, పందులు, కోళ్లు కలిపి పెంచేవారు ఈ మాట రెండుసార్లు చదవాలి.

గబ్బిలాలు తోటల్లోకి రావడం వెనుక అడవి కథ ఉంది. మలేసియా వానకారు అడవుల్లో పెద్ద చెట్లు ఏటా పూయవు. కొన్నేళ్లకోసారి ఒక్కసారిగా పూస్తాయి. పెద్ద పండ్ల గబ్బిలాలు పూత ఎక్కడుంటే అక్కడికి పదుల, వందల కిలోమీటర్లు ఎగిరిపోయి బతుకుతాయి. ఆ అడవిని నరికి రబ్బరు, ఆయిల్ పామ్ వేశారు. ఆయిల్ పామ్ తోట పచ్చగానే కనిపిస్తుంది కానీ తేనె తాగే, పండ్లు తినే గబ్బిలానికి అందులో దొరికేది దాదాపు ఏమీ లేదు. ఇక మిగిలింది రైతు వేసుకున్న పండ్లతోటే. 1997-98లో ఇండోనేసియా అడవుల మంటల పొగ, కరవు కూడా వాటిని తరిమాయని కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. షెడ్డూ చెట్టూ పక్కపక్కనే ఉండటమే అసలు కారణమని ఆ తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. నాకు ఈ రెండో వాదనే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే 1999 తర్వాత మలేసియాలో మనుషులకు నిపా సోకలేదు. గబ్బిలాలు మాత్రం అక్కడే ఉన్నాయి, వాటిలో వైరస్ కూడా ఉంది. మారింది ఫారాల అమరిక. పందుల షెడ్ల దగ్గర పండ్ల చెట్లు లేకుండా చూసుకున్నారు.

చెట్టు కొట్టి తరిమితే గుంపు చెదిరి నాలుగు ఊళ్లకు పోతుంది, అంతే. పైగా ఆకలితో, బెదురుతో ఉన్న గబ్బిలం మూత్రంలో, లాలాజలంలో వైరస్ ఎక్కువగా విడుదలవుతుంది. నిపాకు దగ్గరి చుట్టం హెండ్రా వైరస్. ఆస్ట్రేలియాలో ఇది గబ్బిలాల నుంచి గుర్రాలకు సోకుతుంది. అక్కడ 25 ఏళ్ల లెక్కలు చూస్తే, చలికాలపు పూత దొరికే అడవులు తరిగేకొద్దీ గబ్బిలాలు ఊళ్లకు, పొలాలకు చేరాయి, గుర్రాలకు జబ్బు పెరిగింది. మిగిలిన అడవి బాగా పూసిన చలికాలాల్లో ఆగిపోయింది.

మలేసియా రైతుకు గబ్బిలంతో ఇంకో లెక్క కూడా ఉంది. పనసలా ముళ్ల పెంకు ఉండే దురియన్ అక్కడ ఖరీదైన పండు. 2024లో చైనా తాజా కాయల దిగుమతికి కూడా ఒప్పుకోవడంతో కొండ అడవులను నరికి దురియన్ వేయాలన్న తొందర ఇంకా పెరిగింది. దురియన్ పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. దానికి పుప్పొడి చేర్చేది ముఖ్యంగా సున్నపురాయి గుహల్లో ఉండే తేనె గబ్బిలం. అది ఒక్క రాత్రిలో పదుల కిలోమీటర్లు తిరిగి, ఏడాది పొడవునా పూసే మడ అడవి చెట్ల మీద కూడా ఆధారపడుతుంది. అంటే తోటలో కాత పట్టాలంటే దూరంగా ఉన్న గుహను క్వారీ మింగకూడదు, తీరంలో మడ అడవి మిగలాలి. దురియన్ కోసం అడవి నరికే రైతు తన పంటకు కాత పట్టించే జీవినే దూరం చేసుకుంటున్నాడు.

మన దగ్గరా పురుగులు తినే చిన్న గబ్బిలాలు పైసా ఖర్చు లేకుండా పనిచేస్తున్నాయి. థాయ్‌లాండ్‌లో ఒక్క జాతి గబ్బిలం వరిలో తెల్లవీపు దోమను తిని ఏటా సుమారు 26,000 మందికి సరిపడా బియ్యం నిలబెడుతోందని 2014లో లెక్కగట్టారు. పాడుబడ్డ గుడినో, బావినో పొగబెట్టి ఖాళీ చేయించేవారు ఇది గుర్తుంచుకోవాలి.

చట్టం కూడా మారింది. ఒకప్పుడు పండ్ల గబ్బిలం ఎలుక, కాకి సరసన హానికర జంతువుల జాబితాలో ఉండేది. 2022 వన్యప్రాణి సంరక్షణ సవరణ చట్టం ఆ జాబితానే తీసేసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. పెద్ద పండ్ల గబ్బిలం ఇప్పుడు రెండో షెడ్యూలు జంతువు. చంపితే కేసు పెట్టవచ్చు. ఆడ గబ్బిలం సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది కాబట్టి తరిగిన గుంపు తేరుకోవడానికి చాలా ఏళ్లు పడుతుంది.

కాయ నష్టం మాత్రం నిజం, దాన్ని తీసిపారేయడం లేదు. మామిడిని పక్వానికి వచ్చిన పచ్చికాయగా సకాలంలో కోసేస్తే గబ్బిలాల వాటా చాలావరకు తగ్గుతుంది. అవి వెతికేది చెట్టుమీద పండిన కాయనే. కాయలకు కవర్లు తొడగడం పండు ఈగకు కూడా పనికొస్తుంది. రాయితీ గురించి ఉద్యాన శాఖ అధికారిని అడగండి. వల కట్టేటట్లయితే చిటికెనవేలు దూరనంత సన్నని కళ్లున్నది తీసుకుని బిగుతుగా లాగి కట్టండి. వదులుగా వేలాడే నైలాన్ వలలో గబ్బిలాలే కాదు, పాములు, పక్షులు కూడా చిక్కి చస్తాయి. కొరికిన, పంటిగాట్లున్న కాయలను తినకండి, ఏరి పశువులకు, పందులకు వేయకండి, గుంట తీసి పూడ్చండి. చచ్చిన గబ్బిలాన్ని చేత్తో ముట్టుకోకండి. పశువుల పాకల, నీటి తొట్ల మీదికి వాలిన పండ్ల కొమ్మలుంటే వాటిని కత్తిరించండి.

మనకు మలేసియా పందుల కన్నా దగ్గరి దారి ఈత చెట్టు. బంగ్లాదేశ్‌లో 2001 నుంచి దాదాపు ప్రతి చలికాలం నిపా వస్తోంది. చాలా సందర్భాల్లో కారణం కాచని ఈత నీరు. రాత్రిపూట కెమెరాలు పెట్టి చూస్తే గబ్బిలాలు గీత మీద వాలి ధారను నాకుతూ, కుండలోనే మూత్రం పోస్తూ కనిపించాయి. మన గీత కార్మికులు కట్టే లొట్టికీ ఈ అవకాశం ఉంది. బంగ్లాదేశ్ గీతగాళ్లు గీతనూ కుండ మూతినీ కలిపి కప్పేలా వెదురు తడక కడతారు. వెదురు లేకపోతే జనపనార, పాలిథిన్ కూడా వాడారు. అలా కట్టిన చెట్లపై గబ్బిలం గీతను తాకలేకపోయింది. నీరాను కాచి తాగితే వైరస్ చస్తుంది. పులిసి కల్లయినంత మాత్రాన చస్తుందని నమ్మడానికి లేదు. తడకకు కావలసింది నాలుగు వెదురు బద్దలు, కాస్త తాడు, సాయంత్రం లొట్టి కట్టేటప్పుడే మరో ఐదు నిమిషాలు.