బిల్లు చెల్లించే ముందు మాతో పరీక్ష చేయించండి

అధికారులకు, సంఘ నాయకులకు, తోటి ఉద్యోగులకు అంధ ఉద్యోగుల విజ్ఞప్తి

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో అంధులకు, చూపు మందగించినవారికి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆ దారిన కొలువులో చేరాం. సీటు దొరికింది గానీ పని చేతికందడం లేదు.

ఫైళ్లన్నీ కంప్యూటర్‌లోకి మారడం నిజానికి మాకు వరం కావాలి. కాగితమైతే చదివిపెట్టే మనిషి ఉండాలి. కంప్యూటర్ అయితే తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ చాలు. తెలుగు కూడా చదువుతుంది, పైసా ఖర్చు లేదు.

మరి అడ్డం ఎక్కడ? ఉత్తర్వును ఫొటోలా స్కాన్ చేసి పంపుతారు. అందులో స్క్రీన్ రీడర్‌కు ఒక్క అక్షరం దొరకదు. యూనికోడ్‌లో కాకుండా పాతకాలపు అను ఫాంట్లలో కొట్టిన సర్క్యులర్ మీ కంటికి చక్కటి తెలుగు, మా చెవికి పొంతనలేని ఇంగ్లిష్ అక్షరాల గోల. కొత్త సాఫ్ట్‌వేర్‌లో బటన్లకు పేర్లు పెట్టరు. ‘బటన్, బటన్’ అని మాత్రమే వినిపిస్తుంది. ఏది ఆమోదమో, ఏది తిరస్కారమో ఊహించి నొక్కాలి. లాగిన్‌లో చూసి అక్షరాలు కొట్టాల్సిన క్యాప్చా బొమ్మ సరేసరి. చివరికి పాస్‌వర్డ్ పక్కసీటువారికి చెప్పాల్సి వస్తుంది. పొరపాటు జరిగితే మెమో మాత్రం మాకే. ‘వీళ్లకు పని రాదు’ అన్న మాట పుట్టేదీ ఇక్కడే.

చట్టంలో లోటేమీ లేదు. పనికి అనువైన సర్దుబాట్లు చేయడం ప్రభుత్వ సంస్థల విధి అని 20వ సెక్షన్ చెబుతోంది. సర్వీసులో ఉండగా చూపు పోయినా ఉద్యోగం తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలన్నది 21వ సెక్షన్. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది.

మేం కోరేది ఇదీ. సాఫ్ట్‌వేర్ దివ్యాంగులకూ అందుబాటులో ఉండాలనే ఐఎస్ 17802 ప్రమాణాన్ని టెండర్‌లోనే షరతుగా రాయండి. అంధ ఉద్యోగి స్క్రీన్ రీడర్‌తో నడిపి చూసి సరేనన్నాకే కంపెనీకి బిల్లు పాస్ చేయండి. డబ్బు ముట్టాక ఏ కంపెనీ మన మాట వింటుంది? స్కాన్ కాపీతో పాటు యూనికోడ్‌లో అసలు ఫైలూ పంపండి.

అంధ మిత్రులారా, నోటిమాటతో సరిపెట్టుకోకండి. 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. రాసివ్వండి, రిజిస్టర్‌లో ఎక్కించండి. రెండు వారాల్లో విచారణ జరపాలి. తృప్తి లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చు.

సంఘ నాయకులారా, వచ్చే జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ ఎజెండాలో ఈ డిమాండ్ చేర్చండి.