మూడేళ్ళ కంటికి రేషన్ కార్డు ఎందుకు?

మణికొండలో చిన్నపిల్లల కళ్ళ మాట ఎత్తితే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. లాంకో హిల్స్ వైపు అపార్ట్‌మెంట్లలోనైతే "అంతా ఆ ఫోన్ వల్లేనండీ, యూట్యూబ్ పెట్టందే ముద్ద దిగదు" అంటారు. పుప్పాలగూడ వైపు లేస్తున్న టవర్ల పక్కన, రేకుల షెడ్లలోనైతే "అక్షరాలే రాని పిల్లకు కంటి పరీక్షేంది?" అంటారు. వీటికి చదువుకున్న పెద్దలు మూడో మాట కలుపుతారు: ఉన్నవాళ్ళు ఎలాగూ చూపించుకుంటారు, లేనివాళ్ళను ప్రభుత్వం చూసుకుంటుంది, కాబట్టి బడి ఈడు రాకముందే పిల్లలందరికీ పరీక్షలు పెట్టడం దండగ. మూడింటిలోనూ ఈ చివరిదే వినడానికి సబబుగా ఉంటుంది. ఎక్కువ చేటు చేసేదీ అదే.

ముందు అసలు లోపం సంగతి. ఈ వయసులో తప్పకుండా పట్టుకోవాల్సినదాన్ని డాక్టర్లు ఆంబ్లియోపియా అంటారు, మామూలు వాడుకలో లేజీ ఐ. ఒక కంటికి పవర్ ఎక్కువ, రెండోదానికి తక్కువ ఉందనుకోండి. లేదా ఒక కన్ను మెల్ల అనుకోండి. స్పష్టంగా కనిపించే కంటినే మెదడు నమ్ముకుని రెండోదాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ కన్ను ఎర్రబడదు, నీరు కారదు, నొప్పి పెట్టదు. పిల్ల ఒంటి కంటితోనే పరుగెడుతుంది, రంగులు వేస్తుంది, కార్టూన్లు చూస్తుంది. ఏడెనిమిదేళ్ళ లోపు అద్దాలు పెట్టి, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేస్తే చాలామందికి చూపు మెరుగవుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది. డ్రైవింగ్ లైసెన్సుకు వెళ్ళినప్పుడు బయటపడితే, ఎంత ఖరీదైన అద్దాలైనా పోయిన చూపును పూర్తిగా తెచ్చిపెట్టలేవు.

దీన్ని కన్నతల్లి కనిపెట్టలేదా అంటారు. పరీక్ష గదిలో ఏం జరుగుతుందో చూడండి. మూడున్నరేళ్ళ పిల్ల అమ్మ ఒడిలో కూర్చుంటుంది. ఎదురుగా, మూడు మీటర్ల దూరంలో, కార్డు మీద ఆపిల్, ఇల్లు, గుండ్రం, చతురస్రం. ఫిన్లాండ్ కంటి డాక్టరు లేయా హ్యువారినెన్ 1976లో తయారుచేసిన బొమ్మలవి. చదువు రానక్కర్లేదు. ఒళ్ళో ఉన్న అట్ట మీద అలాంటి బొమ్మనే వేలితో చూపిస్తే చాలు. ఎడమ కన్ను మూస్తే పిల్ల టకటకా చూపించేస్తుంది. కుడి కన్ను మూయగానే మెడ వంచి అరచేతి పక్కనుంచి తొంగి చూస్తుంది, చేతిని తోసేస్తుంది, చివరికి ఏడుపు లంకించుకుంటుంది. "ఇంట్లోనూ ఇంతే మేడం, ఒకటే అల్లరి" అని తల్లి నొచ్చుకుంటుంది. ఆ అల్లరిలోనే ఉంది జబ్బు గుర్తు. ఒక కన్ను మూసి చూడాలన్న ఆలోచన రాకపోతే, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్ అయిన తల్లికీ ఇటుకలు మోసే తల్లికీ అది ఒకేలా దాగి ఉంటుంది. మెల్ల అయితే కనీసం పైకి కనిపిస్తుంది. దానికీ "మెల్లకన్ను అదృష్టం" అని సర్దిచెప్పే బామ్మలకు మన దగ్గర కరువు లేదు.

ఫోన్ వాదన కొంతవరకే నిజం. ఫోన్‌కు అతుక్కుపోతే ఆరుబయట ఆట తగ్గుతుంది; ఆరుబయట గడిపే సమయం పెంచితే మైనస్ పవర్ వచ్చే అవకాశం తగ్గుతుందని చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో జరిగిన ప్రయోగం చూపింది. కానీ రెండు కళ్ళ పవర్‌లో తేడాకూ, పుట్టుకతో వచ్చే శుక్లానికీ, చిన్ననాటి మెల్లకూ ఫోన్‌ను దోషిని చేయలేం. ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ పరిశోధకులు పాలమూరు పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ళ పిల్లలను పరీక్షించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. చూపు తగ్గిన కళ్ళలో 61 శాతానికి కారణం అద్దాలతో సరిచేయగల లోపమే. 12 శాతం లేజీ ఐ. అప్పటికి స్మార్ట్‌ఫోన్ ఆ పల్లెల పొలిమేరకు కూడా రాలేదు. ఫోన్‌ను తిట్టడం తేలిక, పైగా తిట్టేశాక పరీక్ష చేయించాల్సిన పని తప్పిపోయినట్టు ఉంటుంది. నా తగువు అక్కడే.

ఇక "ప్రభుత్వం చూసుకుంటుంది" అన్న ధీమా. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఒకసారి వెళ్ళాలి. పుట్టుక లోపాల నుంచి ఎదుగుదల లోపాల దాకా ముప్పై రకాల సమస్యలు చూడాలి. మంచి పథకమే. ఆ జాబితాలో ఒక వరుసగా ఉన్న చూపుకు, ఒక్కో పిల్ల దగ్గర ఎంత సమయం మిగులుతుందో ఎవరైనా ఊహించవచ్చు. అదీ అలా ఉంచుదాం. మణికొండలో ఎంతమంది పిల్లలు అంగన్‌వాడీకి వెళ్తున్నారు? ఇంజనీరు కూతురు ప్లేస్కూల్లో ఉంటుంది. అదే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా, కడుపు కట్టుకునైనా, కొడుకును గల్లీ చివర కాన్వెంటుకే పంపాలనుకుంటాడు. చిత్రపురి కాలనీలో సినిమా కార్మికుడి ఆశా అదే. ఈ ముగ్గురి పిల్లలూ ఆ పథకం గీత అవతలే. షెడ్లలో ఉండే పిల్లలేమో భవనం పూర్తికాగానే తట్టాబుట్టతో ఇంకో సైటుకు వెళ్ళిపోతారు. యాభై మందికి మించి మహిళలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్ళలోపు పిల్లల కోసం గది ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఆ గదే లేనిచోట కంటి పరీక్షను ఎక్కడ వెతుకుతాం?

డబ్బున్నవాళ్ళు చూపించుకుంటారనే మాట కూడా సగమే. పాప ఏం చేస్తోందో ఆఫీసులో కూర్చుని సీసీ కెమెరాలో చూసే ఏర్పాటు కొన్ని ప్లేస్కూళ్ళలో ఉంది. పాపకు బోర్డు కనిపిస్తోందా అని చూసే ఏర్పాటు మాత్రం ఆ ఫీజులో ఉండటం అరుదు. పరీక్షలో లోపం తేలినా "ఆడపిల్లకు ఇప్పట్నుంచే సోడాబుడ్డి అద్దాలా?" అనే నానమ్మలు ఇరవయ్యో అంతస్తులోనూ ఉన్నారు.

అయినా పేదరికం బరువు వేరు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ప్రాంతంలో 1991, 1992 సంవత్సరాల్లో గర్భంతో ఉన్న పద్నాలుగు వేలమందికి పైగా తల్లులను, వాళ్ళ పిల్లలను ఏళ్ళ తరబడి గమనించారు. సామాజికంగా కింది తరగతి కుటుంబాల పిల్లల్లో ప్లస్ పవర్ ఎక్కువ, లేజీ ఐ కూడా ఎక్కువవైపే మొగ్గింది. కంటి నిపుణుల దగ్గరకు వెళ్ళినవాళ్ళు మాత్రం వాళ్ళలోనే తక్కువ. అక్కడ పిల్లల కంటి వైద్యానికి పైసా ఖర్చు లేదు. మెహదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రి తలుపులు పేదలకు తెరిచే ఉన్నాయి కదా అని వాదించేవాళ్ళు ఇది గమనించాలి. రోజుకూలీ వదులుకుని, రెండు ఆటోలు మారి, లక్షణమే కనిపించని జబ్బు కోసం ఏ తల్లీ వెళ్ళదు.

దండగ అన్న మాటకూ జవాబు చెప్పాలి. 1997లో బ్రిటన్‌లోనే ఒక సమీక్ష ఈ పరీక్షలకు తగిన ఆధారాలు లేవని తేల్చింది. అప్పటికి అది నిజాయితీగా చెప్పిన మాట. తర్వాత జరిగిన ప్రయోగాల్లో అద్దాలు, ప్యాచ్ పనిచేస్తాయని రుజువైంది. ఇప్పుడు ఆ దేశంలోనే నాలుగైదేళ్ళ పిల్లలందరికీ పరీక్ష చేయాలన్నది సిఫారసు. మూడు నుంచి ఐదేళ్ళ మధ్య ఒక్కసారైనా చూడాలని అమెరికా నిపుణుల బృందం 2017లో మళ్ళీ చెప్పింది. స్వీడన్‌లో నాలుగేళ్ళ పిల్లలను పరీక్షించేది నర్సులే.

మన దగ్గర పని చేసే చేతులు లేవా? 2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు తొలి విడతలోనే కోటిన్నర మందికి పైగా కళ్ళు చూసింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి పథకాన్నే 2019 అక్టోబరులో బడి పిల్లలతో మొదలుపెట్టారు. బడికి ముందు ఈడు మాత్రం ఈ హడావిడిలో వెనకబడింది. మరోపక్క పల్స్ పోలియో ఆదివారం నాడు చుక్కలు వేసేవాళ్ళు గేటెడ్ కమ్యూనిటీలోకీ వస్తారు, షెడ్లలోకీ వెళ్తారు. మీ అబ్బాయి ఏ బడి అని అడగరు, వేలికి సిరా గుర్తు పెట్టి వెళ్తారు. 2014లో దేశానికి పోలియో రహిత గుర్తింపు దక్కింది ఆ పద్ధతి వల్లే. కంటి పరీక్షకూ అదే పద్ధతి కావాలి: మూడు నిండిన ప్రతి పిల్లకూ, ప్లేస్కూలైనా అంగన్‌వాడీ అయినా షెడ్డయినా, ఏడాదికోసారి. ప్లేస్కూలు నడపడానికి అనుమతి ఇచ్చేటప్పుడే ఇది షరతుగా పెట్టాలి.

ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర్లేదు. వచ్చే జూన్‌లో అడ్మిషన్ ఫారం చేతికి వచ్చినప్పుడు, ఏసీ గురించి అడిగే ముందు, పిల్లల కళ్ళు ఎవరు ఎప్పుడు పరీక్షిస్తారో రాసివ్వమనండి. పరీక్ష పెట్టిన రోజున మీ ఇంట్లో పనిచేసే ఆమె పిల్లను, మీ వాచ్‌మన్ పిల్లను కూడా అదే వరుసలో నిలబెట్టండి.