కణానికి విటమిన్ ఎ చెప్పే మాట

మొటిమలకని ఐసోట్రెటినాయిన్ క్యాప్సూల్స్ వాడుతున్నారా? అద్దం పక్కన రెటినాల్ సీరం ఉందా? అయితే ఈ వారం కబురు మీకే. రెండూ విటమిన్ ఎ చుట్టాలే. క్యారెట్ తింటే కళ్లకి మంచిదని బళ్లో చదివి వదిలేశాం గానీ, ఈ విటమిన్‌కి ఇంకో పెద్ద పనుంది.

ఏ కణంగా మారాలో ఇంకా తేలని కణాలు మన ఒంట్లో ఉంటాయి. వాటిని మూలకణాలంటారు. "ఇక ఎదుగు" అని వాటికి చెప్పే సంకేతాల్లో విటమిన్ ఎ నుంచి తయారయ్యే రెటినోయిక్ యాసిడ్ ఒకటి. దాన్ని అందుకునే రిసెప్టర్ కణం లోపల డీఎన్‌ఏని పట్టుకునే ఉంటుంది. యాసిడ్ రానంతసేపు కొన్ని జన్యువులకి తాళం వేసి ఉంచుతుంది. రాగానే అదే రిసెప్టర్ తాళం తీస్తుంది. కణం కొత్త రూపంలోకి మారడం మొదలెడుతుంది.

తాళం ఇరుక్కుపోతే? ఏపీఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌లో జరిగేది అదే. 15, 17 క్రోమోజోముల ముక్కలు అటుదిటు మారి రిసెప్టర్ చెడిపోతుంది. తెల్ల రక్తకణాలు సగం ఎదిగి ఆగిపోతాయి, ఎముక మజ్జలో పేరుకుపోతాయి. షాంఘైలో డాక్టర్ వాంగ్ జెన్‌యీ బృందం పెద్ద మోతాదులో రెటినోయిక్ యాసిడ్ ఇచ్చి ఆ కణాలు ఎదిగేలా చేసింది. 1988లో వాళ్లు ప్రకటించిన 24 మంది రోగుల్లోనూ జబ్బు జాడ కనపడకుండా పోయింది. ఇప్పుడు ఆర్సెనిక్ మందు కూడా కలిపి ఇస్తున్నారు, చాలామందికి పూర్తిగా నయమవుతోంది. క్యాన్సర్ కణాన్ని పెద్దదాన్ని చేసి దారికి తెచ్చారన్నమాట! నాకైతే ఇది ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

అదే మాట వేళకాని వేళ వినిపిస్తే మాత్రం ప్రమాదం. కడుపులో బిడ్డ తయారయ్యే తొలి వారాల్లో ఏ కణానికి ఎంత యాసిడ్, ఎప్పుడు అందాలో లెక్కుంటుంది. ఐసోట్రెటినాయిన్ ఆ లెక్క చెడగొడుతుంది. బిడ్డ మెదడు, ముఖం, గుండెల్లో లోపాలు రావచ్చు. అందుకే ఈ మందు వాడే అమ్మాయిలు మొదలుపెట్టే నెల ముందు నుంచి, ఆపాక నెల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి.

ఫ్రెండ్ పంపిన ఫొటో చూపించి మెడికల్ షాపులో ఈ క్యాప్సూల్స్ అడిగేవాళ్లు ఉన్నారు. వద్దండీ. స్కిన్ డాక్టర్ రాస్తేనే వాడండి. మిగిలిన స్ట్రిప్ ఎవరికీ ఇవ్వకండి. పిల్లల్ని కనాలనుకుంటుంటే రెటినాల్ సీరం కూడా పక్కన పెట్టి డాక్టర్‌ని అడగండి. మొటిమ ఇంకో నెల ఉన్నా ఏం కాదు.